అమ్మకు కట్టించిన అరువు చీర

చెరువును కాపాడే బృందంలో చేరిన కొత్తలో నాకు బుద్ధి ఒక్కటే తక్కువ. ఆకుపచ్చ టీషర్టు, స్టీలు నీళ్ల సీసా, ఎదుటివాళ్లంటే చిన్నచూపు, అన్నీ ఉండేవి. హన్మకొండలో ఏసీ గదిలో కూర్చుని, భూమి వేడెక్కిపోతోందని తెగ బాధపడేవాళ్లం.

మా అమ్మది వరంగల్‌లో జంపఖానాల నూలుకు రంగులద్దే పని. ర్యాలీకి 'ప్రకృతి బిడ్డ' ఫోటో ఒకటి కావాలని మా బృందం పెద్ద మేడం ఇంటికొచ్చింది. అమ్మ ఒంటిమీది నైలాన్ చీర చూడగానే ముఖం మాడ్చుకుంది. వెంట తెచ్చిన నేత చీర నా చేతికిచ్చి, "ఆ చీరతో ఫోటో తీస్తే మన విలువలు ఏం కావాలి?" అంది. అబ్బో, విలువలు! మడతపెట్టి సంచిలో తెచ్చుకునేవి కాబోలు.

నేనేమైనా ఎదురు చెప్పానా? సిగ్గులేకుండా ఆ చీర తీసుకెళ్లి అమ్మకిచ్చాను.

"గిది కడితే మరకలు పడ్తయి బిడ్డా. నాదైతే పిండి ఆరేస్తే జర సేపట్ల ఆరుతది."

"ఒక్క ఫోటోకే అమ్మా" అని బతిమాలాను. కట్టుకుంది. రంగు గంగాళాలను గోడ చాటుకు జరిపించారు. అవి కనిపిస్తే బాగుండదట. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ తిప్పని రాట్నం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు.

ఆ గంగాళాల గురించి ఒక్కరైనా అడిగితే కదా! అమ్మ ముందు పసుపు రంగు అద్దుతుంది. మిగిలిన నీళ్లలోనే ఎరుపు, చివరికి నలుపు. ఆఖరి చిక్కటి నీళ్లను సిమెంటు తొట్టిలో పోసి ఎండబెడుతుంది. ఎందుకంటే మా మురుగు పారే మోరీ పక్కింటి గడప ముందు నుంచి పోతుంది. "మంది వాకిట్ల మన రంగు పారితే మనమేం మనుషులం?" అనేది. వాడలో ఆమెను వేలెత్తి చూపినవాళ్లు లేరు. ఆమెకు అదే గొప్ప.

ర్యాలీ నాడు ఆ ఫోటోను నిలువెత్తు ఫ్లెక్సీగా వేయించి మా వాడలోనే కట్టారు. ప్లాస్టిక్ కదా అంటే, "మెసేజ్ ముఖ్యం" అన్నారు. సెల్ఫీలు దిగి, ఫ్లెక్సీ విప్పకుండానే వెళ్లిపోయారు. నేనూ వాళ్ల వెంటే పోయాను.

మొదటి వానకే అది తెగి మోరీలో అడ్డం పడింది. మురికి నీళ్లు పక్కింట్లోకి ఎక్కాయి. నేను వెళ్లేసరికి పక్కింటామె అమ్మను దులిపేస్తోంది. "గా ముఖం నీదే గదా వదినా! ఫోటోలు దిగుడు నీకు, ఎత్తిపోసుడు మాకా?"

అమ్మ మోకాలి లోతు మురికిలో దిగి ఫ్లెక్సీని గుంజుతోంది. మేడంకు ఫోన్ చేస్తే, మున్సిపాలిటీకి ఫిర్యాదు పెట్టమంది. ఛీ, నా బతుకు! ఫోన్ జేబులో కుక్కుకుని మోరీలో దిగబోయాను.

అమ్మ తలెత్తి నా ఆకుపచ్చ టీషర్టు వైపు చూసింది.

"నువ్వు దూరముండు బిడ్డా. గా అంగీకి మరకలు పడ్తయి."