మూడు కాళ్ల మేక

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుదురుగా కూర్చోవడం చేతకాని మనుషులు ఇద్దరుండేవారు. ఒకరు నేను. రెండో మనిషి మా బేస్‌మెంట్ గదిలో అద్దెకుండే హాకీ ఆటగాడు. నాకు తొమ్మిదేళ్లు, అతనికి ఇరవై పైన. భోజనాల బల్ల కింద మా ఇద్దరి కాళ్లూ ఊగుతూనే ఉంటే, మా అమ్మమ్మ పప్పు గరిటె చేత్తో పట్టుకుని "బల్ల కూడా లేచి పోతుంది మీతో పాటు" అని విసుక్కునేది. ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఇప్పటికీ ఫోన్ మోగితే లేచి తిరుగుతూ మాట్లాడతానే తప్ప కూర్చుని మాట్లాడలేను. పుట్టుకతో వచ్చిన బుద్ధి కొంత, ఆ ఏడాది శీతాకాలం అంటించిపోయింది కొంత.

అప్పుడు మేము షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉండేవాళ్లం. అమ్మా నాన్నా పొద్దున్నే రైలెక్కి సిటీలో ఆఫీసులకి వెళ్లిపోతే నన్ను చూసుకునేది అమ్మమ్మే. నాన్న ఆఫీసులో ఒకాయన, తనకు తెలిసిన కుర్రాడు హాకీ ఆడతాడనీ, బుద్ధిమంతుడనీ, గది కావాలనీ చెప్పాడట. నాన్న కాలేజీ రోజుల్లో గడ్డి మైదానంలో హాకీ ఆడినవారు. ముచ్చటపడి వెంటనే సరేనన్నారు. తీరా ఆ అబ్బాయి గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చి, మనిషి పట్టేంత సంచీ దించేసరికి, అందులోంచి వచ్చిన చెమట వాసనకి అమ్మమ్మ పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఇది మంచు మీద ఆడే హాకీ అనీ, బంతి బదులు నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుందనీ, మనిషిని మనిషి గుద్దడం కూడా ఆటలో భాగమేననీ మాకు ఆ సాయంత్రమే తెలిసింది. మాట ఇచ్చేశారు గనక నాన్న గది తాళం అతని చేతికిచ్చారు.

అతను ఆడేది పెద్ద లీగ్‌లో కాదు. దానికి కింది మెట్టు మీదున్న జట్టులో జీతానికి ఆడేవాడు. పైనుంచి పిలుపు వస్తుందని రోజూ ఎదురుచూసేవాడు. ఫోన్ మోగితే చాలు, రెండేసి మెట్లు ఎక్కి పైకి వచ్చేసేవాడు. నేను అన్నయ్య అనేదాన్ని, అమ్మమ్మ "కిందబ్బాయి" అనేది. వారం తిరక్కుండానే అతను పప్పన్నంలో ఆవకాయ కలుపుకుని కళ్లనీళ్లు కారుస్తూ తినడం నేర్చుకున్నాడు.

భోజనమయ్యాక అమ్మమ్మ నాకు కథ చెప్పేది. అతనూ వచ్చి కూర్చునేవాడు. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు, మధ్యన నేను. అమ్మమ్మ తనే అల్లిన కథ అది. మూడు కాళ్ల మేక ఒకటి, దాన్ని తినాలని చూసే తోడేలు ఒకటి. రోజూ ఆ తోడేలు కొత్త ఎత్తు వేసేది, రోజూ ఆ మేక కుంటుకుంటూనే తప్పించుకునేది. మేక పరుగెత్తే చోటు రాగానే అన్నయ్య మూడు వేళ్లు పైకెత్తి, "మూడు కాళ్లతో!" అని అరిచేవాడు. అమ్మమ్మకి అది ఎంత ఇష్టమో చెప్పలేను. ఒకరోజు తోడేలు మేకని మరీ గోడ మూలకి తరిమితే, "ఆ మేకకి ఏమన్నా అయితే నేను గది ఖాళీ చేసి పోతానని గ్రాండ్‌మాకి చెప్పు" అన్నాడు నాతో. నేను చెప్పాను. అమ్మమ్మ నవ్వి, అప్పటికప్పుడు గోడకి కంత పెట్టి మేకని బయటపడేసింది.

డిసెంబరు సెలవుల్లో ఒక శనివారం అతను మా అందరికీ టికెట్లు తెచ్చాడు. అమ్మమ్మ చీర మీద రెండు స్వెటర్లు వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చింది. అవతలి జట్టులో ఒక ఎర్రజుట్టబ్బాయి ఉన్నాడు. అంతకుముందు ఏడాది వరకూ అన్నయ్యతో ఒకే జట్టులో ఆడి, ఒకే గదిలో ఉన్నవాడు. మా ఇంటికి కూడా వచ్చి అమ్మమ్మ చేతి దోసెలు ఆపకుండా తిని వెళ్లాడు. ఆట మొదలవ్వకముందు ఇద్దరూ ఒకరి హెల్మెట్ మీద ఒకరు తట్టుకుని నవ్వుకున్నారు.

రెండో భాగంలో అన్నయ్య మా వైపు మూలకి వచ్చి, మంచు చుట్టూ కట్టిన చెక్క గోడ వారన ఇరుక్కున్న బిళ్లని తీయడానికి వంగాడు. ముఖం గోడవైపు, వీపు ఆటవైపు. వీపు మీద నంబరు కనబడుతున్నవాణ్ని గుద్దకూడదని ఆ ఆటలో చిన్నపిల్లలకి కూడా నేర్పుతారు. ఎర్రజుట్టబ్బాయి దూరం నుంచి ఎంత వేగంగా వస్తున్నాడో నాకు కనబడింది. ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. అన్నయ్య తల గోడకి కొట్టుకున్న చప్పుడు మా కుర్చీల కిందనుంచి వచ్చినట్టనిపించింది. అమ్మమ్మ లేచి నిలబడి, "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇదేం ఆటే తల్లీ!" అంది.

ఎర్రజుట్టబ్బాయిని రిఫరీ బయటికి పంపేశాడు. అన్నయ్య మాత్రం మెల్లగా లేచాడు, జట్టు డాక్టరు అడిగినవాటికి తలూపాడు, ఆఖరి భాగంలో మళ్లీ దిగి ఆడాడు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ రోజుల్లో లేచి నిలబడితే చాలు, బాగున్నట్టే లెక్క.

మర్నాడు పొద్దున నేను బేస్‌మెంట్‌లోకి దిగేసరికి, లైటు లేని గదిలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. మెట్లు ఊగుతున్నాయన్నాడు. పాలు పోసుకోబోతే సగం గ్లాసు బయటే పడ్డాయి. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. సోమవారం పొద్దున లీగ్ వాళ్లు విచారణకి ఫోన్ చేస్తారు. దెబ్బ ఎలా కొట్టాడన్నదే కాదు, తిన్నవాడికి ఎంత తగిలిందన్నది కూడా శిక్షలో లెక్కకొస్తుంది. తనకేమీ కాలేదంటే స్నేహితుడు ఒకటి రెండు ఆటలతో బయటపడతాడు. తల తిరుగుతోందంటే చాలా ఆటలు కూర్చోబెడతారు, వాడి జట్టు వాణ్ని ఉంచుకోదు. పైగా మంగళవారం మళ్లీ మ్యాచ్ ఉంది. పెద్ద జట్టు మనిషి ఎవరో చూడటానికి వస్తున్నాడట.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటిది ఆ ఆదివారమంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మెట్లు దిగడం, తలుపు దగ్గర చెవి పెట్టడం, మళ్లీ పైకి రావడం. అతను మంగళవారం మళ్లీ ఆ మంచు మీదకి వెళ్తాడు, మళ్లీ ఎవరో గుద్దుతారు, ఈసారి లేవడు. నాకు అదొక్కటే కనబడుతోంది. చెబితే ఒట్టు తప్పుతాను, చెప్పకపోతే అన్నయ్య పోతాడు. తొమ్మిదేళ్ల పిల్లకి ఎంత భయమో అంత భయమూ వేసింది. అమ్మమ్మ వంకాయలు తరుగుతూ నన్నే గమనించిందని అప్పుడు తెలియలేదు.

ఆ సాయంత్రం భోజనంలో అన్నయ్య ఆవకాయ వేసుకోలేదు. ఊరికే నవ్వుతూ కూర్చున్నాడు. అమ్మమ్మ చెయ్యి కడుక్కుని కథ మొదలుపెట్టింది. తోడేలు తరుముకొస్తోంది. మేక నాలుగు కాళ్లతో పరుగు తీసింది.

నేను ఉలిక్కిపడి, "నాలుగు కాదు అమ్మమ్మా" అనబోయాను. బల్ల కింద నా తొడ మీద గట్టిగా గిల్లింది. "చెప్పింది చెప్పు అమ్మడూ. నువ్వు అందించకు."

చెప్పాను. అతని వేళ్లు లేవలేదు.

అమ్మమ్మ అతని ముఖం మీదనుంచి కళ్లు తీయకుండా కథ నడిపించింది. తోడేలు ఒక్క గెంతు గెంతి మేక మెడ పట్టుకుంది. మేక కాసేపు కొట్టుకుని చచ్చిపోయింది. కథ కంచికి. నాకు ఏడుపొచ్చేస్తోంది. అయినా ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పాను. అన్నయ్య ఎప్పటిలాగే నవ్వి, "బాగుంది గ్రాండ్‌మా, థ్యాంక్యూ" అన్నాడు.

అమ్మమ్మ ముఖం వాడిపోయింది. "ఆ మేకకి కాళ్లెన్నో అడుగు" అంది.

అడిగాను. అతను అమ్మమ్మ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. క్లాసులో టీచర్ అడిగినప్పుడు పక్క పిల్లవాడి వైపు చూసినట్టు, అందిస్తానేమోనని చూశాడు. నా మూడు వేళ్లూ వాటంతటవే లేవబోతే పిడికిలి బిగించి గౌను కింద దాచుకున్నాను. అంత పెద్ద మనిషి, నాన్నకంటే పొడుగు, కళ్లల్లో నీళ్లు తిరిగి, "నాకు తెలియడం లేదు" అన్నాడు. ఆ తర్వాత అన్నీ తనే చెప్పాడు. నేను ఒట్టు తప్పలేదు. తప్పాల్సిన పని లేకుండా చేసింది మా అమ్మమ్మ.

నాన్న ఇబ్బందిగా కదిలారు. "అతని ఉద్యోగం అత్తయ్యగారూ, మనం కలగజేసుకోకూడదేమో" అన్నారు.  అమ్మమ్మ అన్నయ్య చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, నాతో చెప్పించింది.

"నీ స్నేహితుడి మీద దయ చూపించమని వాళ్లని అడుక్కో బాబూ, తప్పులేదు. దెబ్బే తగల్లేదని మాత్రం అనకు. తగల్లేదన్నావంటే వాడు రేపు ఇంకోణ్ని ఇలాగే గుద్దుతాడు. ఆ ఇంకోడింట్లో ఇలా కథ చెప్పే ముసలిది ఉంటుందో ఉండదో."

సోమవారం పొద్దున వంటింటి గోడ ఫోన్ మోగింది. లైట్లు ఆర్పేసి, కర్టెన్లు వేసేసి, అతను గోడకి చెయ్యి ఆన్చి నిలబడి మాట్లాడాడు. నేను ఫ్రిజ్ పక్కన నించుని ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మారుతూ విన్నాను. అవతలి మనిషి అడిగినదే మళ్లీ అడిగినట్టున్నాడు. "లేదు సార్, నేను బాగా లేను" అని ఇతను రెండుసార్లు చెప్పాడు. ఆ తర్వాత చాలాసేపు స్నేహితుడి గురించి బతిమాలాడు. వాడు చెడ్డవాడు కాదన్నాడు. బతిమాలడం పెద్దగా పనిచేయలేదు. ఎర్రజుట్టబ్బాయిని చాలా ఆటలు కూర్చోబెట్టారు. ఆ గడువు తీరకముందే వాడి జట్టు వాణ్ని వదిలేసింది. మంగళవారం చూడటానికి వచ్చిన పెద్ద జట్టు మనిషి వేరే ఎవరినో చూసుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం ఎర్రజుట్టబ్బాయి మా గుమ్మంలో నిలబడ్డాడు. చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు వాడి ముఖం మీద వేసేద్దామనుకున్నాను. అమ్మమ్మ నన్ను పక్కకి జరిపి, "లోపలికి రమ్మను, ఎంత చలో చూడు" అంది. వాడు బూట్లు విప్పి, దోసె ముందు కూర్చుని, తినకుండా, "నంబరు కనబడింది. ఆగగలననుకున్నాను" అన్నాడు. అమ్మమ్మకి తెలుగులో చెప్పాను. ఆవిడ క్షమించానని గానీ, క్షమించలేదని గానీ అనలేదు. దోసె చల్లారిందని తీసేసి, వేడిది వేసింది. తర్వాత వాడు కిందికి వెళ్లాడు. చీకటి గదిలో ఇద్దరూ సాయంత్రం దాకా కూర్చున్నారు.

ప్రతి వారం ఒకసారి అమ్మమ్మ కథలోకి నాలుగు కాళ్ల మేకని తెచ్చేది. నేను పిడికిలి బిగించుకుని ఎదురుచూసేదాన్ని. వారాలు గడిచాయి. మంచు కరిగి, వెనక పెరట్లో బురద మొదలైన రోజుల్లో, ఒక సాయంత్రం మేక నాలుగు కాళ్లతో పరుగు తీస్తుంటే సోఫాలో పడుకున్నచోటునుంచి మూడు వేళ్లు లేచాయి. "ఎవరన్నారు నాలుగని? మూడు!" అని అన్నయ్య అరిచాడు. నేను ఇల్లంతా గెంతాను. అమ్మమ్మ లేచి వెళ్లి పాయసానికి పాలు పెట్టింది.

కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. అతను తర్వాతి సీజన్‌లో మళ్లీ మంచు మీదకి వెళ్లాడు. వేరే ఊళ్లకి, వేరే జట్లకి చాలా ఏళ్లు ఆడాడు. పెద్ద లీగ్‌లో కూడా కొన్నాళ్లు ఆడాడు. అక్కడ ఇంకా ఎన్ని దెబ్బలు తిన్నాడో, ఎన్నిసార్లు బాగున్నానని చెప్పాడో నాకు తెలియదు. ఆ ఊళ్లల్లో మేమెవరమూ లేము. అమ్మమ్మ పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఇప్పుడు నేను ఇర్వింగ్‌లో ఉంటాను. మా అబ్బాయి టీవీలో హాకీ చూస్తుంటాడు. ఈ రోజుల్లో ఎవరన్నా ప్రమాదకరంగా గుద్దితే దాన్ని మెల్లగా తిప్పి తిప్పి చూపించి, ఎన్ని ఆటలు ఎందుకు కూర్చోబెట్టారో వివరంగా చెబుతారు. కొట్టినవాడికి అన్ని ఆటలు ఎక్కువా తక్కువా అని మా వాడు నాతో వాదనకి దిగుతాడు. నేను కొట్టినవాణ్ని చూడను. లేచి నిలబడి, బాగున్నానని చెయ్యి ఊపేవాణ్ని చూస్తాను. చూస్తూ కూర్చోలేక వంటింట్లోకి వెళ్లిపోతాను. మా పిల్లలకి జ్వరమొచ్చినా, మనసు బాగోకపోయినా, "ఐయామ్ ఫైన్ అమ్మా" అన్నారంటే వదిలిపెట్టను. వాళ్లకి తెలిసిన కథలో ఒక తప్పు వేసి, దిద్దుతారా లేదా అని చూస్తాను. నా చాదస్తానికి నవ్వుతారు, నవ్వనీ.

అన్నయ్య చలిదేశపు ఊళ్లో ఒక్కడే ఉంటున్నాడు. ఆదివారాలు ఫోన్ చేస్తాడు. నేను హలో అనను. "మేక నాలుగు కాళ్లతో పరుగెత్తింది" అంటాను. అవతలనుంచి "మూడు!" అని వినబడుతుంది. ఇన్నేళ్లుగా మా ఇద్దరి పలకరింపు అదే.

ఈ మధ్య ఆ జవాబు రావడానికి కాస్త సమయం పడుతోంది. ఊపిరి వినబడుతుంది, మాట వినబడదు. ఆ కాసేపూ నేను ఫోన్ పట్టుకుని స్టవ్ దగ్గరనుంచి తలుపు దాకా, తలుపు దగ్గరనుంచి స్టవ్ దాకా తిరుగుతాను. జవాబు నా నోటిదాకా వస్తుంది. తొడ మీద గిల్లడానికి అమ్మమ్మ లేదు. పిడికిలి బిగిస్తాను. అందించను.