ఏకగ్రీవం ఎందుకని అడిగారు

హామిల్టన్‌లో మా సంఘం చిన్నది. వృద్ధాశ్రమాల్లో పనిచేసే తెలుగు కేర్‌గివర్లు, వాళ్ల కాగితాలు చూసిపెట్టే నాలాంటి ఐటీ వాళ్లు కొందరు. యజమానితో ముడిపడిన వీసా మీద ఉన్నవాళ్లు ఆ యజమాని మీదే ఫిర్యాదు ఎలా చేస్తారన్నది మా గోడు. ఇక్కడి ఆఫీసుల్లో చెప్పి చూశాం. చివరికి, వలస కార్మికుల గురించి యూరప్‌లో అన్ని దేశాల ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకునే సమావేశంలో మా ఆంటీ చేత మూడు నిమిషాలు మాట్లాడించాలనుకున్నాం.

ఆంటీ మా అధ్యక్షురాలు. కరీంనగర్ మనిషి, ఇక్కడే హామిల్టన్‌లో రోటోటూనా వైపు ఉంటుంది. జీతం ఎందుకు తగ్గిందని అడిగినందుకు వీసా పోయేదాకా వచ్చి, ఎలాగో నిలబడింది. అక్కడ చెప్పాల్సింది ఆమే.

ఆ హాల్లో నోరు విప్పాలంటే ముందు సంఘానికి గుర్తింపు కావాలి. అది ఇచ్చేది ప్రభుత్వాల ప్రతినిధుల కమిటీ. వాళ్లలో ఏ ఒక్కరు ప్రశ్న వేసినా దరఖాస్తు కమిటీ తర్వాతి సమావేశానికి వాయిదా పడుతుంది. తిరస్కరించరు. తిరస్కరిస్తే కారణం చెప్పాలి. ప్రశ్నకు కారణం అక్కర్లేదు.

అధ్యక్షురాలిని ఎలా ఎన్నుకున్నారు అని మొదట అడిగారు. ఏకగ్రీవంగా అని రాశాను. జరిగింది ఇంకా చిన్నది. కమ్యూనిటీ హాల్లో భోజనాలయ్యాక ఎవరో "ఆంటీ ఉండగా ఇంకెవరు?" అన్నారు. చప్పట్లు కొట్టి గిన్నెలు కడుక్కున్నాం.

తర్వాతి సమావేశంలో ఇంకో ప్రశ్న: ఎవరూ ఎందుకు పోటీ చేయలేదు, మీ సభ్యులకు ఆ స్వేచ్ఛ ఉందా? ఆ ప్రశ్న వేసిన దేశంలో అసలు ఎన్నికలే జరగవు. జవాబులో ఆ మాట రాయకూడదు.

"గిదేంది బాబూ, నా మీద ఎవలన్న నిలవడాలె అంటున్నరా?" అంది ఆంటీ.

"ఫార్మాలిటీ ఆంటీ. రహస్య ఓటు పెట్టి ఫలితం పంపిస్తే ఇంకేం అడగలేరు."

ఎవరూ ముందుకు రాలేదు. ఆంటీతో ఒకే షిఫ్టు చేసే, ఆమె కారులోనే పనికి వెళ్లే గుంటూరు అక్కను బతిమాలాం.

"వదిన మీద నేనా? ఓడిస్తామని రాసివ్వండి, నిలబడతా," అంది అక్క.

"నేనే ఓడగొడ్త తియ్యి, ఫికర్ జెయ్యకు," అంది ఆంటీ. అందరం నవ్వాం.

ఓట్లు లెక్కపెట్టింది నేను. ఆంటీ గెలిచింది. కానీ అక్క వైపు కూడా ఒక కుప్ప పెరిగింది. ఆంటీ ఆ కుప్పనే చూస్తూ నిలబడింది.

"ఎవలేసిన్రు?"

"రహస్య ఓటు కదా ఆంటీ, తెలీదు."

"నేనెవర్నీ ఓటు అడగలేదు వదినా, నీ మీదొట్టు," అంది అక్క.

"నేనేమన్న అన్ననా?"

మర్నాడు అక్క బస్సులో పనికి వెళ్లింది. ఆ నెల భోజనాల్లో హాల్లో రెండు బల్లలు విడిగా పడ్డాయి. ఆంటీ ఎవర్నీ అడక్కుండా అన్నీ తేల్చేస్తుందని అక్క వైపు బల్ల దగ్గర అన్నారు. ఆ మాట అంతకు ముందెప్పుడూ వినలేదు. పూర్తిగా అబద్ధమూ కాదు.

ఫలితం పంపాను. కమిటీ చదివింది. ఓడిన అభ్యర్థి వెనుక ఉన్న వర్గం ఏమిటి, సంఘం తరఫున మాట్లాడే హక్కు ఎవరిది, వివరించండి అంది. అంతవరకు వాయిదా. ఈలోగా వలస కార్మికుల సమావేశం అయిపోయింది. కార్మికుల గొంతు వినాలని అక్కడ ప్రభుత్వాలన్నీ కలిసి ఒక ప్రకటన చేశాయి.

ఆ ప్రశ్న ఆంటీకి చదివి వినిపించాను. ఆమె మూడు నిమిషాల ప్రసంగం రాసుకున్న కాగితం ఇంకా వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు మీదే అంటించి ఉంది.

"వర్గాలేం లేవని రాయనా ఆంటీ?"

"వద్దు. ఇప్పటిదాంక అబద్ధం రాయలే గదా. ఉన్నయని రాయి. గవి మీరడిగినంకనే వచ్చినయని గూడ రాయి."

మొదటి వాక్యం రాశాను. రెండోది రాస్తే, దాని మీద ఇంకో ప్రశ్న వస్తుంది.