అమ్మ లేని పుస్తకం

వాల్పారై తేయాకు తోటలో ఆకు కోతకు వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని దించి వెళ్ళే గదికి పొన్నుత్తాయి ఆయా. మోకాళ్ళ మీద చేతులూని గానీ లేవలేదు. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి తగిలించుకుని ఊపుతూనే బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. పిల్లలు రాకముందే బీరువా ముందు చతికిలబడి ఆ రోజు చదవాల్సిన పుస్తకం తీసి పెట్టుకోవడం ఆమె అలవాటు. ఈ మధ్య ఆ చిన్న పనికే అలిసిపోతోంది. అక్కడికొచ్చే పిల్లల్లో కయల్ వాళ్ళమ్మ పోయిన నెల జ్వరంతో చనిపోయింది. ఆ నాలుగేళ్ళ పిల్ల ముందు ఏ పుస్తకం తెరవాలి? కోడిపిల్లకు అమ్మ ఉంది, దూడకు అమ్మ ఉంది. చందమామ పాట ఎత్తుకున్నా అమ్మే వచ్చి అన్నం తినిపిస్తుంది. వెతగ్గా వెతగ్గా మిగిలింది కూరగాయల బొమ్మల పుస్తకం ఒక్కటే.

“మళ్ళీ వంకాయేనా, అవ్వా?” అని నిన్న ఇనియన్ అనే పిల్లాడు మొహం మాడ్చుకున్నాడు. పిల్లలంతా గోల చేస్తే పొన్నుత్తాయి ఏనుగుపిల్ల కథ తీసింది. తప్పిపోయిన పిల్లకు తల్లి ఎదురొచ్చే చోట రెండు కాగితాలు కలిపి తిప్పేసింది.

“అమ్మ ఏనుగును మింగేశావు!” అని అరిచాడు ఇనియన్.

“కళ్ళు మసకలురా, నాయనా.”

కయల్ లేచి వచ్చింది. వేలు తడి చేసుకుని కాగితాలు విడదీసి, “ఇదిగో, ఇక్కడుంది. చదువవ్వా” అంది. పొన్నుత్తాయి చదివింది. తల్లి ఏనుగు బొమ్మ మీద కయల్ అరచెయ్యి పెట్టి, ఇక తీయలేదు.

“తర్వాతది తిప్పవ్వా!” అని తక్కినవాళ్ళు తొందరపెట్టారు.

“ఉండండ్రా. దాన్ని చెయ్యి తీయనీయండి” అంటూ పొన్నుత్తాయి గోడకు చేరగిలబడింది.