నీసు వదిలించిన ఆకు

స్టీలు ప్లాంటు ఇంకా కడుతున్న రోజులవి. కూర్మన్నపాలెంలో బస్సెక్కి, ఆకుల కట్ట ఒళ్లో పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాను. కొండవాళ్లు కడుపునొప్పికి వాడే చెట్టు ఆకులవి. అది ఏ జాతి చెట్టో తేల్చడమే నా పరిశోధన. పలచగా కోసి మైక్రోస్కోపులో చూస్తే ఒక ఆకులో నూనె తిత్తులు కిక్కిరిసి ఉండేవి, మరో ఆకులో ఒక్కటీ కనిపించేది కాదు. ఈసారీ తేలకపోతే వేరే పని చూసుకోమన్నారు మా మాస్టారు.

పక్క సీట్లో, చేపలమ్ముకుని ఖాళీ గంపతో వస్తున్న పెద్దావిడ. అడగకుండానే నా కట్టలోంచి ఒక ఆకు లాగి అరచేతుల్లో నలిపింది. వాసన చూసి కిటికీలోంచి పారేసింది. ఇంకోటి నలిపింది. గుప్పున సువాసన!

"ఏటి బాబూ, రెండు సెట్ల ఆకులు కలిపీసినావు? ఇది రుద్దితే నీసు పోతాది. అది రుద్దితే సెయ్యి పచ్చబడతాది గానీ నీసు పోదు. సూడు!" అని చేతులు నా ముక్కు దగ్గర పెట్టింది.

నిజంగానే చేపల నీసు వాసన లేదు.

ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాను. రెండు చెట్లు! చూపుకి ఒకేలా ఉన్నాయని కలిపి కోసుకొచ్చింది నేనే. మద్దిలపాలెం వచ్చేలోగా ఇద్దరం ఆకుల అంచులు నలిపి చూస్తూ రెండు కట్టలు చేశాం. దిగి ల్యాబుకి పరిగెత్తాను. ఆవిడ పేరైనా అడగలేదు.

ఇప్పటికీ నాకు కొత్త ఆకు దొరికిన రోజున మా ఇంట్లో చేపల కూరే. చేపలు మాత్రం నేనే కడిగి, ఆ ఆకుతో చేతులు రుద్దుకుంటాను.