నల్ల జెర్రిపోతు

మా అత్తగారింట్లో మనుషుల కంటే పట్టుపురుగులకు మర్యాద ఎక్కువ. తొంభైల చివర్లో పెళ్ళయి, మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా బస్సులు మారి, కుప్పం పక్క ఆ పల్లెలో దిగాను. దిగగానే నా తల్లో మల్లెపూలు తీయించి ఎరువుదిబ్బ మీద వేయించారు. పూల వాసన పురుగులకు పడదట. పౌడరు పడదు, అగరొత్తులు పడవు, పొగ అసలే పడదు. ఇంట్లో పెద్ద గది వాటిది, మేము వసారాలో పడుకునేవాళ్ళం. పురుగుల మీద గుడ్లు పెట్టే ఊజీ ఈగ రాకుండా కిటికీలకు నైలాన్ వల బిగించి, తలుపు లోపల కూడా నేల దాకా వల తెర కట్టారు. ఆ తెర ఎత్తి లోపలికి పోతే, ఆకు వేసి, చెత్త తీసి, మళ్ళీ ఆకు వేసేసరికి పగలు గడిచిపోయేది.

అమ్మగారింటికి పోతానంటే అత్త కాదనేది కాదు. "ఈ పంట గూడు కట్టనీమ్మా, పోదువులే" అనేది. ఒక పంట గూళ్ళు సంతకు పోకముందే ఇంకో పంట గుడ్లు వచ్చేవి. గూడు కట్టడం మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

నెలలో మూడు రోజులు నాకు సెలవు. ముట్టయిన ఆడది లోపలికొస్తే పురుగులు ఆకు తినవని వాళ్ళ నమ్మకం. ఆ మూడు రోజులూ మల్బరీ తోట గట్టున ఉన్న కొట్టంలో ఒక చాప, ఒక పళ్ళెం ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. వేరే కోడళ్ళు దాన్ని అవమానం అనుకునేవాళ్ళేమో, నేను మాత్రం పండగలా ఎదురుచూసేదాన్ని. పాములు చూడడం నాకు అక్కడే అలవాటయింది. అంతకుముందు పామంటే కేకపెట్టి మంచమెక్కడమే నా చదువు.

పాముని వెతుక్కుంటూ పోతే కనబడదు. కదలకుండా కూర్చుని గోరింకల గోల వినాలి. అవి ఒకే పొద మీద వాలి తిట్టడం మొదలుపెడితే ఆ పొద మొదట్లో చూడాలి. అట్లా చూసి చూసి విషం లేని జెర్రిపోతులు గుర్తుపట్టడం వచ్చింది. ఒకటి ఎండిన బోదగడ్డిలా పసుప్పచ్చగా ఉండేది. ఇంకోటి మట్టి రంగు. రాళ్ళకుప్పలో ఉండేది మటుకు తడిసిన బండంత నలుపు. రంగు ఏదైనా కళ్ళు అంతే పెద్దవి, పెదవుల మీద కాటుకపుల్లతో గీసినట్టు నల్ల గీతలు.

ఒకనాడు పసుప్పచ్చదీ నల్లదీ పెనవేసుకుని నిలువునా లేచాయి. అత్త గట్టు మీదినుంచి చూసి, పరుగున పోయి కొత్త తువ్వాల తెచ్చి వాటి మీదికి విసిరి దండం పెట్టింది.

"పసుప్పచ్చది జెర్రిపోతు, నల్లది నాగప్ప. రెండూ జత గట్టేది సూడ్డం అదృష్టం" అంది.

"రెండూ ఒకటే అత్తా. నల్లదానికి పడగ యాడుండాది?"

"ఇప్పదల్సుకోలేదు. నీకు సూపించాలని దానికేమన్నా రాసిపెట్టుండాదా?"

అంతటితో నా శాస్త్రం అయిపోయింది.

తర్వాత నెల తప్పింది. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, కాదనను. కానీ కొట్టం పోయింది, గట్టు పోయింది. నెలల తరబడి వల వెనకాలే. కిటికీలోంచి తోట చూస్తే పాత ఫొటోలా మసగ్గా కనబడేది. ఊపిరాడేది కాదు. మొదటి కాన్పు పుట్టింట్లో చెయ్యడం మామూలే కదా, ఏడో నెలలో అమ్మ వచ్చి తీసుకుపోతుందని ఆ ఒక్క ఆశతో బతికాను.

అమ్మ వస్తానన్న రోజు పొద్దున పురుగులు ఆకు మీద జోరుగా ఉన్నాయి. నేను చెత్త తీస్తున్నాను. తలుపు కింది సందులోంచి ఒక ఎలుక దూరింది. దాని వెనకే పాము. ఎలుక తెర కిందినుంచి జారుకుంది, పాము మాత్రం వలలో మెడ ఇరికించుకుని గింజుకోసాగింది. రాళ్ళకుప్ప నల్లదే. దారి అదొక్కటే, కిటికీలకేమో ఊచలు. కేక పెట్టాను.

అత్త, మా ఆయన తలుపు తెరిచి గడప అవతలే నిలబడ్డారు. భయంతో పాము గొంతు ఉబ్బించింది. అత్త చెంపలేసుకుంది.

"నాగప్ప. పడగ ఇప్పినాడు సూడు."

కర్ర ముట్టకూడదన్నారు, దేవుడు. కిరసనాయిలు చల్లకూడదన్నారు, పురుగులు చస్తాయి. పక్కూళ్ళో నాగపూజ చేసే పెద్దాయన్ని పిలవడానికి మనిషిని పంపారు.

"ఆయప్ప వచ్చేదాకా నువ్వాడే నిలబడి దాన్ని సూస్తా ఉండమ్మా. కడుపుతో ఉండే ఆడది సూస్తే పాముకి సూపు పోతాది. కదల్దు."

"అది జెర్రిపోతు. నాకు తెలుసు" అన్నాను మా ఆయనతో.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. "అమ్మ చెప్తాండాది గదా. రోంత ఓర్చుకో."

నిలబడ్డాను. కాళ్ళు వాచాయి, నడుము పీకుతోంది. పాముకి చూపేమీ పోలేదు, నన్నే చూస్తోంది. గింజుకున్నకొద్దీ నైలాన్ దారం పొలుసుల్లోకి దిగింది. పెద్దాయన జాడ లేదు. ఇటు నేను, అటు వాళ్ళు, మధ్యలో అది చస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆకు కోసే కత్తి తీసుకుని, పొట్ట పట్టుకుని కూలబడి, వల పోగులు ఒక్కొక్కటే కోశాను. చివరి పోగు తెగేటప్పుడు అది నా చేతి మీద కాటు కొట్టి, తెరిచిన తలుపులోంచి పోయింది. అవతల వాళ్ళు ఎగిరి పక్కకు దూకారు.

దాని పళ్ళు గీరుకుని చేతి మీద సన్నగా రక్తం వచ్చింది. అత్త గోడకు చేరగిలబడిపోయింది. మా ఆయన జీపు కోసం పరుగెత్తబోయాడు. నేనే ఆపాను. వసారాలో కూర్చుని, చెయ్యి అందరికీ కనబడేలా ఒళ్ళో పెట్టుకున్నాను.

"సూస్తా ఉండండి. నాకేం కాదు. అప్పుడన్నా నమ్మండి."

చూశారు. చెయ్యి వాయలేదు, కళ్ళు మూతలు పడలేదు. ఆకలేస్తోందన్నాను. మా ఆయన మొహంలో ఏదో మారింది, నమ్మాడనుకున్నాను. అత్త లేచి వచ్చి నా పొట్ట మీద పసుపు రాసింది.

"నాగప్ప కాటేసి గూడా ఇసం ఇడ్సలేదు. బిడ్డని సూసి ఇడ్సిపెట్టినాడు. ఇది ఆయప్ప బిడ్డ. కానుపు ఈ ఇంట్లోనే కావాల. గడప దాటించకూడదు."

అమ్మ మధ్యాహ్నం బస్సుకి దిగింది. చేతిలో సంచి, సంచిలో నాకు వదులు జాకెట్లు, నిమ్మకాయ ఊరగాయ. అత్త జరిగిందంతా చెప్పింది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, అది నల్ల జెర్రిపోతు. నేను ఎన్నోసార్లు చూసినా. ఈడ నాకు ఊపిరాడడం లేదు. నన్ను తీసుకపో."

అమ్మ నా చేతి మీది గీతలు చాలాసేపు చూసింది. నా మాట ఎప్పుడూ తీసెయ్యని మనిషి ఆమె. తర్వాత ఆ చెయ్యి ఎత్తి తన కళ్ళకద్దుకుంది.

"నాగప్ప ఉండమన్నాక నేనెట్లా పిల్చుకపోయేది వదినా" అంది అత్తతో.

సంచి నా పక్కన పెట్టి సాయంత్రం బస్సుకి బయల్దేరింది. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. తన కూతురి కడుపుకి దేవుడు కాపలా ఉన్నాడని ఆమె సంతోషం. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు, ఏడుపే వచ్చింది. కాన్పు ఆ ఇంట్లోనే అయింది.