మా వంశంలో పాలు తక్కువ

చిక్కడపల్లిలో మా పుట్టింటి వెనక గదిలో నా పురిటి మంచం. అక్కడికి మార్కెట్ గోల ఎంత వినబడేదో, పాలు తాగుతూ నా కొడుకు చేసే టక్ టక్ చప్పుడు అంతకన్నా ఎక్కువ వినబడేది. రొమ్ము పట్టేవాడు, జారవిడిచేవాడు, మళ్లీ పట్టేవాడు. గంటసేపు కుస్తీ పట్టి, అలసిపోయి ఆకలితోనే నిద్రపోయేవాడు. నా చనుమొనలు చిట్లి నెత్తురు కారేది. వాణ్ని నా దగ్గరికి తెస్తుంటేనే వెనక్కి జరిగేదాన్ని. కన్నబిడ్డను చూసి జడుసుకునే తల్లి ఉంటుందా అంటే, ఉంటుంది. నేనున్నానుగా.

అమ్మ తీర్పు మొదటి రోజే వచ్చేసింది. మా వంశంలో పాలు తక్కువట. తనకూ పాలు పడలేదు, నేను డబ్బా పాలతోనే పెరిగాను. ఇంకేముంది, పాలు పడాలని పూటపూటా వెల్లుల్లి కారం, ముషీరాబాద్ నుంచి సొరచేప తెప్పించి పుట్టు కూర. నా జాకెట్టు పాలతో తడిసిపోతూనే ఉండేది, వాడి పొట్ట వెన్నుకు అంటుకునే ఉండేది. అది చూసి కూడా మా ఇద్దరికీ బుర్ర వెలగలేదు.

వాడికి నీళ్లు పోసే అక్కకు వెలిగింది. ఆమెది పాలమూరు. అశోక్‌నగర్‌లోనూ మా వైపూ పసిపిల్లలకు నీళ్లు పోస్తుంది. తొమ్మిదో రోజున వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఏడుస్తున్న నోట్లోకి చూసింది.

“నాలుక లేస్తలేదమ్మా. కింద పొర పట్టేసుకున్నది. డాక్టర్‌కు సూపియ్యున్రి, కట్ చేస్తరు,” అంది.

అమ్మ గయ్యిమంది. నాలుక మీద కత్తి పెడితే మూగవాడైపోడా? అయినా ఇరవై ఒకటో రోజు బారసాల కాకుండా పసివాణ్ని గడప దాటించడమేమిటి? నీళ్లు పోసే మనిషి వైద్యం చెప్పడమొకటి. అక్క తలవంచుకుని సాంబ్రాణి పొగ వేసి వెళ్లిపోయింది. ఆఫీసులో పదిమందిని గదమాయించే నా నోరు అమ్మ ముందు పెగల్లేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పదమూడో రోజు వాడు ఏడవడం మానేశాడు. ఇన్నాళ్లకు కడుపు నిండిందని అమ్మ మురిసింది. నేను గుడ్డలు చూశాను. పొద్దుట్నుంచీ ఒక్కటీ తడవలేదు. ఆటో పిలిచాను. నారాయణగూడ దాకా అమ్మ నన్ను తిడుతూనే వచ్చింది.

పిల్లల డాక్టరమ్మ తూకం చూసి వెంటనే సెలైన్ పెట్టించింది. రెండు రోజులు పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టించాం. మూడో రోజు డాక్టరమ్మ, అక్క అన్నట్టే, వాడి నాలుక పైకెత్తి కింది పొర కత్తిరించింది. రెండు చుక్కల నెత్తురు, అంతే. అలాగే రొమ్ముకు అందించమంది. గుక్కపెట్టి ఏడ్చినవాడు ఒక్కసారి పట్టుకున్నాడు. టక్ టక్ లేదు. గుటకలు వినబడ్డాయి. సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

ఇది కుటుంబాల్లో వస్తుంటుందంటూ డాక్టరమ్మ నన్నూ నాలుక పైకెత్తమంది. నా నాలుక పై పళ్ల దాకా అందలేదు. పుల్ల ఐసు నాకడం రాదని చిన్నప్పుడు బళ్లో పిల్లలంతా నవ్వింది ఇందుకే కాబోలు. నేనూ పసితనంలో ఇలాగే అవస్థపడి ఉంటానంది ఆవిడ.

అమ్మ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. పాల్లేని గొడ్డని నాయనమ్మ పోయేదాకా అమ్మను నలుగురిలో దెప్పేది. అమ్మ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

“నా జాకెట్లూ తడిసేవే,” అంది అమ్మ మెల్లగా. “కారిపోయేవి పాలు కాదు, ఉత్త నీళ్లన్నారు మీ నాయనమ్మ. నిజమే కాబోలనుకున్నాను.”

వాణ్ని రెండో వైపుకు మార్చుకున్నాను.