అడగొద్దని నేర్పిన సారు

ముప్పై నాలుగేళ్ళ పోలీసు నౌకరీలో జానీమియా పై అధికారిని ఒక్కసారి కూడా ఏదీ అడగలేదు. సెలవు అడగలేదు, బదిలీ అడగలేదు. పెళ్ళికి ఇచ్చిన మూడు రోజులు చాలవని కూడా అనలేదు. నాలుగో రోజు పొద్దున రంగు వదలని మెహందీ చేతులతోనే పరేడ్‌లో నిలబడ్డాడు. ఆ సంగతిని ఆయన భార్య మహబూబ్‌బీ తిట్టినట్టు చెప్పేది, ఆయనేమో మెడల్ వచ్చినట్టు చెప్పుకునేవాడు. కానిస్టేబుల్‌గా చేరినవాడు, రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు ఏఎస్సై అయ్యాడు. "అడగకుండనే ఇచ్చిన్రు సూడు" అని మురిసిపోయేవాడు. ముప్పై రెండేళ్ళకు ఇచ్చారు కదా అని ఎవరైనా అంటే ఆ మాట చెవిన పెట్టేవాడు కాదు.

సొంతూరు జనగామ జిల్లా రఘునాథపల్లి. నౌకరీ చివరి ఏళ్ళు మాత్రం మహబూబాబాద్‌లో గడిచాయి. పోలీసు నౌకరీకి తయారయ్యే పిల్లలను తెల్లవారుజామునే గ్రౌండులో ఉరికించడం అక్కడే మొదలుపెట్టాడు. ఎవరో చెప్పిన పని కాదు, జీతమున్న పని అంతకన్నా కాదు. మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్, నోటినిండా తిట్లు. ఆడపిల్లలని చెప్పి తిట్లలో ఏమీ తగ్గించేవాడు కాదు. అయినా ఆయన చేతికింద ఉరికినవాళ్ళకు కొలువొస్తుందని పేరు పడింది, ఆ పేరు మీద ఆయనకు ప్రాణం.

అలా వచ్చిన పిల్ల అనిత. గూడూరు మండలంలో ఒక తండా వాళ్ళది. తండ్రి లక్ష్మా మిర్చి పండిస్తాడు, తల్లి ద్వాళి కూలికి పోతుంది. మహబూబాబాద్‌లోనే హాస్టల్లో ఉండి డిగ్రీ మూడో సంవత్సరం చదివేది. చదువులో గట్టి, పరుగులో ఇంకా గట్టి. మాట మాత్రం తక్కువ. పది రౌండ్లు కొట్టమంటే పది కొట్టి వచ్చి నిలబడేది, ఎందుకని అడిగేది కాదు. జానీమియాకు ఆ పిల్లలో తానే కనిపించాడు. తనలాంటివాళ్ళే మంచివాళ్ళని మనుషులందరం అనుకుంటాం, ఆయన ఒక్కడిదే తప్పు కాదు.

ఆ ఏడు కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. అనిత దరఖాస్తు పెట్టింది, మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. అప్పుడొక పొద్దున చెమట తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆమె ఆయనను అడిగిన మొదటి ప్రశ్న అదే.

"సార్, కానిస్టేబుల్‌కు పోవాల్నా, డిగ్రీ అయినంక ఎస్సైకి పోవాల్నా? మా లెక్చరర్ డిగ్రీ ఇడిసిపెట్టకు అంటున్నడు."

"ముంగటున్న జొన్న గట్క ఇడిసిపెట్టి రేపటి బిర్యానీకి కూసుంటవా?" అన్నాడు జానీమియా. "ముందు లోపటికి పో బిడ్డా. కొలువుల ఉండుకుంట డిగ్రీ పాసైతే ఎవడొద్దంటడు?"

సలహా అంత చెడ్డదేమీ కాదు. ఆ మాట చెప్పి ఊరుకుంటే ఈ కథే లేకపోయేది. వారం తిరగకముందే పరుగు, లాంగ్ జంప్, గుండు విసరడం, వీటికి వరంగల్ గ్రౌండుకు రమ్మని అనితకు తేదీ వచ్చింది. సరిగ్గా ఆ రోజే ఆమెకు డిగ్రీలో ఎకనామిక్స్ పేపర్. అదే గ్రౌండులో ఉరికే కొత్తగూడ పిల్ల శాంతిది కూడా అదే కాలేజీ, అదే పేపర్, వరంగల్‌కు అదే తేదీ.

"హాల్‌టికెట్ జత చేసి దరఖాస్తు పెడితే తారీఖు మారుస్తరంట సార్. శాంతి పెడుతున్నది. నేను కూడ రాసిన" అని అనిత ఒక తెల్లకాగితం చూపించింది.

జానీమియా ఆ కాగితాన్ని చదవను కూడా చదవలేదు.

"పోలీసు కాకముందే తారీఖు మార్చుమంటవా? ఇయ్యాల పరీక్ష అంటవు, రేపు పండుగ అంటవు. గిట్ల అడిగినోళ్ళ పేర్లు పక్కకు రాసుకుంటరు. డిపార్ట్‌మెంటుల అడిగినోడు సెడిపోయిండు, అడగనోడు బాగుపడ్డడు. నన్ను సూడు."

అడగందే అమ్మైనా పెట్టదని లోకమంతా అంటుంది. జానీమియాకు లోకం వేరు, డిపార్ట్‌మెంటు వేరు. పేర్లు రాసుకుంటారన్న మాట ఆయన కొలువులో చేరిన మొదటి ఏడాది ఎవరో ముసలి హెడ్ కానిస్టేబుల్ చెప్పింది. ఎవరు రాసుకుంటారో, ఎక్కడ రాసుకుంటారో ఆయనకూ తెలియదు, ఎన్నడూ చూసిందీ లేదు. అనిత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ట్రాక్ ప్యాంటు జేబులో దోపుకుంది. పరీక్ష మానేసి వరంగల్ పోయింది. వంద మీటర్ల పరుగులో అందరికంటే ముందు ఉరికింది.

శాంతి మాత్రం దరఖాస్తు పెట్టింది. తేదీ మార్చారు. పేపర్ రాసి, మూడు రోజుల తర్వాత పోయి ఉరికింది. "నువ్వు పోలీసువైతే నేను మీసం తీసేస్త" అని జానీమియా అందరి ముందూ ఆమెను అన్నాడు. తీరా ఫలితాలొస్తే అనితకు కొలువు వచ్చింది, శాంతికి రెండు మార్కుల్లో పోయింది. ఇక ఆయన నోటికి పట్టపగ్గాలు లేవు. ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ అనిత కథ చెప్పాడు, శాంతి కథ చెప్పాడు. ఒకతి అడగక బాగుపడిందట, ఒకతి అడిగి చెడిందట. రిటైరై జనగామకు వచ్చాక అక్కడి గ్రౌండులో కూడా అదే పాఠం. తండాలో తొలి ఖాకీ చొక్కా అనితదేనని చెబుతుంటే ఆయనకు ఛాతీ ఉప్పొంగేది.

ఆయన బిడ్డ అర్షియాను భూపాలపల్లికి ఇచ్చారు, అల్లుడు బొగ్గు గనిలో పనిచేస్తాడు. ఈ ఏడు వానలు వెనకపట్టాక జానీమియా బిడ్డను చూడబోయాడు. అనిత పనిచేసేది కూడా ఆ పక్క స్టేషన్లోనే. చెప్పకుండా పోయి పిల్లను సంబరపెడదామని అర కిలో కోవా కట్టించుకొని మధ్యాహ్నం పూట స్టేషన్‌కు పోయాడు.

గేటు దగ్గర అనితే డ్యూటీలో ఉంది. ఆయనను చూసి మొహమంతా వెలిగింది. ఆమె నోరు తెరిచేలోపు జీపు వచ్చి ఆగింది. అనిత టక్కున అటెన్షన్‌లోకి వచ్చి సెల్యూట్ కొట్టింది. జీపు దిగిన ఎస్సై భుజాల మీద రెండు నక్షత్రాలు. జానీమియా అలవాటు కొద్దీ తానూ నిటారుగా నిలబడి, ఆ తర్వాత మొహం చూశాడు. శాంతి.

"సార్! మీరేంది గిక్కడ? లోపటికి రాండ్రి" అని శాంతి ఆయన చేయి పట్టుకొని తీసుకుపోయి కుర్చీ వేయించింది. చాయ్ తెప్పించింది. మీసం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే ఆయన ప్రాణానికి తేలిగ్గా ఉండేది. డిగ్రీ చేతిలో ఉంది కాబట్టి తర్వాతి నోటిఫికేషన్లో ఎస్సైకి రాశానని, కష్టపడితే వచ్చిందని మామూలుగా చెప్పుకుపోయింది.

"మరి అనిత?" అన్నాడు ఆయన. "అది నీకంటే మంచిగ సదివేది గద బిడ్డా. ఎస్సైకి రాయలేదా?"

శాంతి చేతిలోని పెన్నును బల్ల మీద పెట్టింది.

"ఎట్ల రాస్తది సార్? డిగ్రీ ఉండాలె గద. ఆ ఒక్క పేపర్ ఇంకా గట్లనే ఉన్నది."

"ఆరేడేండ్లాయె. సప్లిమెంటరీలు లేవా?"

"ఉన్నయి. ఒకపారి మేడారం జాతర బందోబస్తు పడ్డది. ఒకపారి ఎలక్షన్లు. సెలవు అడగలేదు. పాత బ్యాచ్‌లకు యూనివర్సిటీ ఆఖరిసారి పరీక్ష పెట్టింది, పోయిన నెలనే. ఆ రోజు గణేశ్ నిమజ్జనం డ్యూటీ. నేనే వేసిన సార్ ఆ డ్యూటీ, నాకు తెల్వక. హాల్‌టికెట్ జేబుల పెట్టుకొని చెరువు కట్ట మీద పొద్దుమూకేదాక నిలబడ్డదంట. రెండు రోజులైనంక స్టేషన్ రైటర్ చెప్పిండు." శాంతి గొంతు తగ్గింది. "ఒక్క మాట అడిగితే ఇచ్చేదాన్ని సార్. ఇంకొకరిని ఏసుకునేదాన్ని. నన్ను కూడ అడగబుద్ధి కాలేదా దానికి?"

జానీమియా చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. పోగొట్టింది ఒక్క పరీక్షే కదా అని సరిపెట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది. ఆయన చెప్పిన మాటను ఆ పిల్ల ఇన్నేళ్ళూ ఆజ్ఞలా పాటించింది. ఆయన దగ్గర ఉరికిన వందలమందిలో ఇంత బాగా పాఠం నేర్చుకున్న శిష్యురాలు ఇంకొకరు లేరు.

గేటు డ్యూటీ మారాక అనిత ఆయనను ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయింది. బల్ల మీద కూర్చున్నారు. తండ్రికి మోకాళ్ళు నొస్తున్నాయనీ, తమ్ముడు వెంకటేశ్ డిగ్రీలో చేరాడనీ చెప్పింది. వాడిని మాత్రం డిగ్రీ అయ్యేదాకా ఏ ఫారమూ నింపొద్దన్నానని నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన ఆగలేకపోయాడు.

"శాంతి అంత చెప్పింది బిడ్డా. గా ఆఖరి పరీక్షకన్న ఎందుకడగలే?"

"నోటిదాక వచ్చింది సార్. పొద్దుగాల ఆమె గది ముంగట రెండుపార్లు నిలబడ్డ." అనిత రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది. "మీరన్న మాట యాదికొచ్చింది. అడిగినోళ్ళ పేరు రాసుకుంటరని. అది మన శాంతే అని తెలుసు, అయినా నోరు పెగల్లే. ఇంట్ల కూడ గట్లనే అయింది సార్. ఏం గావాలన్నా అడగబుద్ధి కాదు."

"ఇప్పుడు నేను పోయి అడుగుత" అంటూ జానీమియా లేచాడు. "శాంతిని అడుగుత, పెద్ద సారును అడుగుత, యూనివర్సిటీకి పోయి వాళ్ళ కాళ్ళు మొక్కుత."

"ఏమని అడుగుతరు సార్? అయిపోయింది. ఇప్పుడు మల్ల మొదటికెల్లి మూడేండ్లు సదవాలె. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో, అప్పటికి నా వయసు ఉంటదో పోతదో. కూసోండ్రి, చాయ్ సల్లారుతున్నది."

ఆయన కూర్చున్నాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఎన్నో శవాల పంచనామాలు చూసిన మనిషి, నడిరోడ్డు పక్కన చిన్నపిల్లాడిలా కండ్లు తుడుచుకున్నాడు. పేర్లు రాసుకునే పుస్తకం ఏదీ లేదనీ, తాను ఎన్నడూ చూడలేదనీ ఆమెకు చెప్పాడు. చెప్పక దాచుకుంటే ఇంకా పాపమనిపించింది. అనిత విన్నది.

"మాఫ్ చెయ్యి బిడ్డా" అన్నాడు చివరికి. "పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఏదీ అడగలే. నిన్ను అడుగుతున్న."

అనిత గ్లాసు బల్ల మీద పెట్టింది. కోపంగా లేదు ఆమె మొహం. అలసిపోయి ఉంది.

"మీరంటే నాకు పానం సార్. మా బాపు తర్వాత మీరే. గిదొక్కటి మాత్రం ఇయ్యాల అడగకుండ్రి. నా దగ్గర ఇంకా లేదు, ఉంటే ఇచ్చేదాన్ని."

టోపీ సర్దుకొని లేచింది. ఆయన బస్సు ఎన్ని గంటలకో అడిగి, బండివాడికి ఇంకొక చాయ్ చెప్పి, రోడ్డు దాటి స్టేషన్‌లోకి పోయింది.